గుర్వయ్య గోడ మీది స్విచ్

హాలియాలో ఆ కేబుల్ లైను ఎవరిదని అడిగితే అందరూ మెహమూద్‌దే అనేవారు. ఒట్టి మాట. లైను నర్సింగమ్మది, గుర్వయ్యది, ఇంకా ఎవరెవరి గోడలకు మా బూస్టర్ డబ్బాలు వేలాడేవో వాళ్లందరిది. మెహమూద్ మా ఆయన. ఆయనది అని చెప్పుకోవడానికి ఒక నిచ్చెన ఉండేది, అంతే.

తొంభై ఆరు నాటి సంగతి ఇది. మెయిన్ రోడ్డు మీద మా టీవీ రిపేరు దుకాణం, దాని మిద్దె మీద డిష్. అక్కడినుంచి ఒకే ఒక నల్ల వైరు వంతెన కమ్మీలకు కట్టుకుంటూ సాగర్ కాలువ దాటి, అవతలి బజారు చివరిదాకా పోయేది. అంత దూరం పోయేసరికి బొమ్మకు ఓపిక అయిపోతుంది. మనిషి ముఖం ఉండాల్సిన చోట చుక్కలు రాలుతుంటాయి. అందుకని మధ్యమధ్యలో ఇళ్ల గోడలకు డబ్బాలు పెట్టి, బొమ్మకు బలమిచ్చి ముందుకు తోలాలి. డబ్బాకు కరెంటు కావాలి. ఆ కరెంటు ఏ గోడకు డబ్బా ఉంటే ఆ ఇంట్లోంచి రావాలి. దానికి బదులు ఆ ఇంటికి కేబుల్ ఊరికే. అప్పట్లో మా దగ్గరే కాదు, ఎక్కడైనా అదే ఆచారం. డబ్బా మోసే ఇల్లంటే వియ్యాలవారి ఇల్లు అన్నట్టే లెక్క. మా ఆయన ఆ ఇళ్ల ముందునుంచి పోతే సైకిలు దిగి నడిచేవాడు.

నాకది చూస్తే ఒళ్లు మండేది. నాకు కోపం ఎక్కువని మా వాళ్లందరూ అంటారు. ఉంటే ఉండనీ. మేం ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటాం కానీ, కోపం వచ్చిందంటే నాకు తెలుగే వస్తుంది. మా ఆయన నాతో కాపురం చేసి తెలుగు బాగా నేర్చుకున్నాడు.

నర్సింగమ్మ మంచిదే. ఎప్పుడో వైర్లు రాసుకుని ఆమె గడ్డివాము అంటుకుంది. అప్పటినుంచి గడప దాటితే చాలు, మెయిన్ బంద్ చేసి తాళం వేసేది. కట్టంగూరులో బిడ్డ దగ్గరికి పోయిందంటే, ఆమె తిరిగొచ్చేదాకా కాలువ అవతల ఏ టీవీలోనూ బొమ్మ ఉండదు. జనం మా దుకాణం మీదికి వచ్చేవారు. ఆమెను ఏమనగలం? ముసలితనం, భయం, పైగా ఆమె కరెంటు.

గుర్వయ్య సంగతి వేరు. ఆయనకు ఎరువుల దుకాణం ఉండేది. తెల్లని అంగీ, గోడమీద మా డబ్బా, డబ్బా కింద స్విచ్. ఆయన టీవీకి వైరు మా డబ్బా కంటే ముందే తీసుకున్నాం కాబట్టి, ఆ స్విచ్ తీసినా ఆయనింట్లో బొమ్మ పోదు. ఆయన తర్వాతి ఇళ్లకే పోతుంది. ఈ కిటుకు ఆయన ఎప్పుడు కనిపెట్టాడో గానీ, కనిపెట్టిన నాటినుంచి బజారుకు ఆయనే పెద్ద. అడిగిన సినిమా వేయలేదని ఒకసారి తీశాడు. ఎదురింటాయన నమస్తే పెట్టలేదని ఒకసారి తీశాడు. ఆయనకు తలనొప్పి వస్తే సగం బజారుకు చీకటి.

ఆ ఎండాకాలం పీర్ల పండుగకు మా ఆయన పెండ్లిళ్ల వీడియో తీసేవాళ్ల కెమెరా తెచ్చి, పీర్లు లేచిన దగ్గరినుంచి సాగిపోయేదాకా తీశాడు. పీర్ల ముందు నిప్పులు వేసే అలాయి గుండం చుట్టూ ఆడనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆదివారం మధ్యాహ్నం ఆ క్యాసెట్ కేబుల్లో వేస్తామని చెప్పాం. ఇక చూడాలి. సినిమా వస్తుందంటే కూడా అంత ఆత్రం ఉండదు. ఎవరికి వారు తామెట్లా కనిపిస్తామో చూసుకోవాలి కదా.

లచ్చయ్య హోటల్లో చాయ్ తాగుతూ అందరి ముందు గుర్వయ్య ఒక మాట అన్నాడు. ఆయన పక్కన బావమరిది దశరథం కూచుని ఉన్నాడు. మిర్యాలగూడలో కొత్తగా డిష్‌లు పెట్టే మనిషి. ఆ మాట మా ఆయన ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని చెప్పాడు.

"ఆదివారం క్యాసెట్ మొదలుకెల్లి ఆఖరిదాంక ఆగకుండ నడిస్తే లైను మెహమూద్‌కే ఉండనియ్యి, నడుమ ఆగిందంటే మాత్రం బజారంత మా దశరథం లైను తీసుకోవాలె అన్నడు. అందరు తల ఊపిన్రు, జాహేదా."

"ఊపిన తలలల్ల మీది గూడ ఉన్నదా?" అన్నాను.

ఆయన తల దించుకుని చెప్పులు విడిచాడు. ఉందన్నమాట.

స్విచ్ తన చేతిలో పెట్టుకుని, బొమ్మ ఆగితే లైను పోతుందని పందెం కాసే మనిషిని ఏమంటారు? నేనేమన్నానో ఇక్కడ రాయలేను. మా ఆయన చెవులు మూసుకున్నాడు. లైను పోతే మాకు మిగిలేది ఏమీ లేదు. రిపేరు దుకాణానికి వచ్చే పాత టీవీలు పెద్దగా లేవు. ఆ వైరు ప్రతి మూర వంతెన మీద మేమిద్దరం ఎండలో నిలబడి కట్టింది. పెండ్లిలో పెట్టిన నా గాజులు ఆ డిష్‌లో ఉన్నాయి.

"రేపు పోయి గుర్వన్నను బతిమాలుత. ఒక్కనాటికి స్విచ్ ముట్టుకోకు అంట," అన్నాడు మా ఆయన.

"బతిమాలితే స్విచ్ ఎవరి చేతుల ఉంటది?"

"ఆయన చేతులనే."

"మరి ఎందుకు బతిమాలుడు?"

మర్నాడు పచ్చడికి మామిడికాయ ముక్కలు ఆరబెట్టడానికి మిద్దె ఎక్కాను. గుడ్డ పరిచి ముక్కలు పోస్తూ తలెత్తితే ఎదురుగా డిష్. దాని మూతి దగ్గర, మూడు కమ్మీల కొసన, చిన్న డబ్బా. అది కూడా బొమ్మకు బలమిచ్చే డబ్బాయే. దానికీ కరెంటు కావాలి. కానీ మా మిద్దె మీద ప్లగ్గు లేదు, బోర్డు లేదు, నర్సింగమ్మ లేదు, గుర్వయ్య లేడు. బొమ్మ కిందికి దిగే వైరులోనే కింది రిసీవర్ నుంచి కరెంటు పైకి పోతుంది. నాకిది తెలియని సంగతి కాదు. మా అబ్బా లియాఖత్ అలీ కట్టంగూరులో రేడియోలు బాగుచేసేవాడు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం నాకు చపాతీ కర్ర కంటే ముందు వచ్చింది. తెలిసిన సంగతే ఆ పూట కొత్తగా కనిపించింది. మామిడి ముక్కలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

కిందికి దిగి మా ఆయనను అడిగాను. "ఇగో, ఒక మాట చెప్పున్రి. మన డిష్ డబ్బాకు కరెంటు ఎవరింట్లకెల్లి ఇస్తున్నరు?"

"ఎవరింట్లకెల్లి ఏంది? గా వైర్లనే పోతది గదా."

"మరి గుర్వన్న గోడ మీది డబ్బాకు ఎందుకు పోదు?"

ఆయన చేతులు చాచి కొలత చూపిస్తూ, "అది ఇంత ముక్క వైరు. గిది కాలువ దాటాలె," అన్నాడు.

"కాలువ దాటాలంటే కరెంటుకు భయమైతదా?"

అప్పుడు నవ్వాడు. ఆ వారం మొత్తంలో అదే మొదటి నవ్వు. మా ఆయన మెత్తని మనిషే కానీ పని మీద పడితే ఆకలి దప్పులు ఉండవు. అదే మధ్యాహ్నం నిచ్చెన సైకిలుకు కట్టాడు.

డబ్బాలన్నీ ఒక్కొక్కటే విప్పాం. ఎవరైనా అడిగితే ఆదివారానికి దుమ్ము దులుపుతున్నాం, అందాకా బొమ్మ రాదు అన్నాం. ఇంటి కరెంటు వచ్చే ముక్కను లోపలే విడదీసేశాం. బయటి ప్లగ్గు మాత్రం ప్లగ్గులాగే బోర్డులో ఉంది, దాని వైరు మునుపటిలాగే డబ్బాలోకి పోయింది. అది ఉత్త అలంకారమని మా ఇద్దరికే తెలుసు. గుర్వయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని మేం తన డబ్బా విప్పడం చూస్తూ కూచున్నాడు.

"మంచిగ తుడువు మెహమూదు. దశరథం వచ్చినంక ఆయనకు పనికొస్తది," అన్నాడు.

నేను స్క్రూ బిగిస్తున్నాను. నా నాలుక కొరుక్కుని ఇంకో చుట్టు బిగించాను.

డబ్బాలోకి వచ్చే వైరులో బొమ్మా కరెంటూ కలిసే వస్తాయి. కరెంటు డబ్బాకు పోవాలి, బొమ్మ ఇంకోవైపు పోవాలి. రెంటినీ విడదీయడానికి రాగి తీగ చుట్టలు కావాలి. హాలియాలో కాలిపోయిన మోటారుకు కొదవేముంది? మోటార్ల వైండింగ్ దుకాణంలో పారేసిన తీగ తెచ్చి, పెన్సిలుకు చుట్టి చుట్టి నా వేళ్లు నల్లబడ్డాయి. దుకాణంలో చిన్న పెట్టె ఒకటి తయారుచేసి, డబ్బాలకు కావలసిన పన్నెండు వోల్టుల కరెంటును వైరు మొదట్లో కలిపాం.

స్విచ్ వేశాం. ఫ్యూజు టప్పుమంది. ఇంకో ఫ్యూజు వేశాం, అదీ పోయింది. ఎక్కడో వైరు లోపలి తీగ, దాని చుట్టూ ఉండే జాలీ ఒకదానికొకటి తగులుకున్నాయన్నమాట. ఎక్కడ? మా ఆయన వంతెన మీది అతుకులన్నీ విప్పి చూశాడు. బాగానే ఉన్నాయి. నేను ఇంటింటికీ పోయి టీవీ వెనక చూసుకుంటూ వచ్చాను. టీవీల్లోపల ఈ కరెంటును ఆపే ఏర్పాటు ముందే ఉంటుంది, వాటితో పేచీ లేదు. నర్సింగమ్మ ఇంటి పక్కసందులోంచి పోతూ ఆమె కిటికీ చూసి ఆగాను. టీవీలో ఉండాల్సిన వైరు కొస కిటికీ ఇనుప కమ్మీల మధ్య చెక్కి ఉంది. లోపలి తీగ కమ్మీకి తగులుతోంది, జాలీ కమ్మీకి తగులుతోంది.

అప్పుడే ఆమె సంచీతో కట్టంగూరు బస్సు దిగి వస్తోంది.

"పెద్దమ్మా, గీ వైరు ఇక్కడెందుకున్నది?"

"ఊరికి పోతుంటి గదా బిడ్డా. మెరుపులు మెరిస్తే టీవీలకెల్లి ఇంట్లకు దుంకుతయంట. అందుకే గుంజి కిటికీకి చెక్కిన. ఎప్పుడు గట్లనే చేస్త."

"మెయిన్ బంద్ చేసినవు గదా?"

"మెరుపుకు మెయిన్ ఏంది బిడ్డా?" అంది ఆమె జాలిగా, నాకేమీ తెలియదన్నట్టు.

ఆమెతో వాదించలేదు. ఒక్క నర్సింగమ్మేనా, పిడుగు భయానికి టీవీ వైరు పీకి ఎక్కడో ఒక ఇనుముకు తగిలించని ఇల్లు మా దగ్గర లేదు. రోహిణి ఎండల తర్వాత రోజూ సాయంత్రం ఉరుములే. మనుషులను మార్చలేం కాబట్టి వైరునే మార్చాం. ప్రతి ఇంటికి చీలే చోట ఒక కెపాసిటర్ పెట్టాం. కందిబేడంత ఉంటుంది. బొమ్మను పోనిస్తుంది, మా కరెంటును గడప దగ్గరే ఆపేస్తుంది. ఇంటింటికీ ఒకటి. ఎండ మాడుస్తుంటే నిచ్చెన మీద నేను, కింద పట్టుకుని మా ఆయన. సోల్డరింగ్ కడ్డీకి కరెంటు మాత్రం ఆ ఇంటివాళ్లనే అడిగాం. అది తప్పదు.

ఫ్యూజు నిలిచింది. మొదటి డబ్బాలో ఎర్ర దీపం వెలిగింది. నర్సింగమ్మ ఇంటి డబ్బాలో వెలిగింది. గుర్వయ్య ఇంటి డబ్బాలో నిద్రకళ్లతో వెలిగింది. చివరి డబ్బా యాదలక్ష్మి గోడకు ఉంది. అందులో వెలగలేదు.

యాదక్కను గురించి చెప్పాలి. ఆమె ఇల్లు బజారుకు చివర, ఆమె పొలం కాలువకు చివర, టెయిలెండు అంటారే, అక్కడ. ఏది పంచినా ఆమె దగ్గరికి వచ్చేసరికి అయిపోతుంది. ఆమె ఇంటికి డబ్బా ఉన్నా, దానికి ఆమె కరెంటే ఇచ్చినా, ముందరివాళ్లు ఆపితే ఆమెకేమీ రాదు. అందుకే ఎప్పుడూ తిడుతూ ఉంటుంది. నాకామె అంటే ఇష్టం.

ఆ సాయంత్రం ఆమె చేనునుంచి వచ్చేసరికి మా ఆయన నిచ్చెన చివరి మెట్టు మీద తల పట్టుకుని కూచున్నాడు. శుక్రవారం అయిపోతోంది.

"వస్తలేదా?" అంది గంప దించుతూ. "నాకు ఎర్కనే. నీళ్లైనా గంతే, బొమ్మైనా గంతే. మొదట్లున్నోడు తూము బార్ల తెరిచి కూసుంటడు. మడి నిండినా మూయడు. కాలువ గూడ దారి పొడుగున తాగుతనే ఉంటది. మా దాంక వచ్చేటాలకు బురద మిగులుతది. కాలువ నీళ్లు ఇడిచే లష్కర్‌ను అడిగితే ఏమంటడు? పైన నిండుగ ఇడువాలె, మొదట్లోళ్ల తూముకు ఇంతే పోవాలె అని బిగించాలె, అప్పుడు నీ దాంక వస్తది అంటడు. మరి బిగించేటోడు ఏడి?"

నేను సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టాను. "అక్కా, గదే మాట మళ్ల జెప్పు."

"ఏం మాట? మా దాంక రాదనా?"

"కాదక్కా. లష్కర్ జెప్పింది."

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకా నాలుగు తిట్లు కలిపి చెప్పింది. మా ఆయన తల మీంచి చేతులు తీశాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మేం చేసిన తప్పు అదే. డబ్బాకు పన్నెండు కావాలి కదా అని పన్నెండే వదిలాం. దారిలో వైరు తాగింది ఎంతో, ముందరి డబ్బాలు పీల్చింది ఎంతో. చివరి దానికి బురదే.

శనివారం పొద్దున్నే పాత స్టెబిలైజర్ పగలగొట్టి అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదట్లో ఇచ్చే కరెంటును రెండింతలకు పైగా ఎత్తాం. ప్రతి డబ్బాలో రెగ్యులేటర్ అనే మూడుకాళ్ల ముక్క ఒకటి పెట్టాం. పైన ఎంత వచ్చినా అది తన డబ్బాకు పన్నెండే ఇస్తుంది, ఒక్క చుక్క ఎక్కువ పోనివ్వదు. వేడెక్కుతుందని నా పాత అల్యూమినియం పళ్లెం కత్తిరించి దానికి రేకు బిగించాం. మధ్యాహ్నం మా ఆయన దుకాణంలో ఉన్నాడు. నేను యాదక్క వాకిట్లో డబ్బా మూత తెరిచి కొంగు కప్పుకుని నిలబడ్డాను.

ఎర్ర దీపం వెలిగింది. దుకాణం ముందర డబ్బా ఎట్లా వెలిగిందో అట్లాగే, నిండుగా. యాదక్క ఇంటి ప్లగ్గు పీకి చూశాను. వెలుగుతూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. యాదక్కకు ఏమీ అర్థం కాక, ఎండదెబ్బ తగిలిందేమోనని మజ్జిగ తెచ్చింది. అంతా తాగి, గుట్టుగా ఉండమని ఒట్టు పెట్టించుకుని సంగతి చెప్పాను. ఆమె డబ్బాకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"అంటే ఇప్పుడు మొదలు, ఆఖరు లేదా?" అంది.

"లేదక్కా."

"నీళ్లకు గూడ గిట్ల చేయరాదు?" అంది.

ఆదివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక క్యాసెట్ మొదలైంది. మా ఆయన దుకాణంలో వీసీఆర్ దగ్గర కూచున్నాడు. నేను యాదక్క ఇంట్లో. ఏమైనా జరిగితే ముందుగా తెలిసేది అక్కడే కదా. చాపల మీద ఆడవాళ్లు, గడపలో మగవాళ్లు, కిటికీలో తలకాయలు. డప్పులు మోగాయి. పీర్లు లేచాయి. ఎవరి ముఖం కనిపిస్తే వాళ్ల పేరు పెట్టి అరుస్తున్నారు. "అగో ఎల్లయ్య, అగో ఎల్లయ్య దట్టీ చూడుండ్రి," అని ఒకరు. ఎల్లయ్య అక్కడే కూచుని సిగ్గుపడుతున్నాడు.

ఇంతలో వాకిట్లో నర్సింగమ్మ కనిపించింది. గదంతా ఉలిక్కిపడింది. ఆమె ఇల్లు వదిలిందంటే మెయిన్ బంద్ అయినట్టే.

"ఏమో, ఒక్కదాన్నే సూడబుద్ధి గాలె. ఇల్లు తాళమేసి వచ్చిన," అంది ఆమె చాపమీద జాగా చేసుకుంటూ.

"మెయిన్?" అని అడిగాడు ఎల్లయ్య.

"బంద్ చేసిన. చేయకుంట ఎట్లొస్త?"

అందరూ ఆమెను చూశారు. తర్వాత టీవీని చూశారు. టీవీలో డప్పులు మోగుతూనే ఉన్నాయి. బొమ్మ కడిగిన పళ్లెంలా ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. యాదక్క మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది, ఒట్టు తప్పుతుందని.

నా గుండె కాస్త కుదుటపడింది. కానీ అసలు మనిషి ఇంకా మిగిలే ఉన్నాడు. యాదక్క వాకిట్లో నిలబడితే గుర్వయ్య ఇంటి అరుగు కనిపిస్తుంది. నేను బయటికి వచ్చి చూశాను. దశరథం అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. గుర్వయ్య తీరిగ్గా లేచాడు. గోడ దగ్గరికి పోయాడు. ఒకసారి బజారు వైపు చూసి, స్విచ్ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎన్నిసార్లు చూశానో నేను. ఎన్నిసార్లు మా ఆయన దాని ముందు సైకిలు దిగాడో.

స్విచ్ తీశాడు. బావమరిది వైపు తిరిగి నవ్వి, బజారులో గోల కోసం చూశాడు.

గోల లేదు. ఇంటింటిలోంచి డప్పులే వినిపిస్తున్నాయి.

ఆయన స్విచ్ వేసి మళ్లీ తీశాడు. ప్లగ్గే పీకేశాడు. డప్పులు ఆగలేదు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు పోయి, గబగబా లోపలికి పోయాడు. అరుగు మీద తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. మెయినే దింపేశాడు. అరుగు మీది దశరథం లేచి, "బావా, మన టీవీ పోయింది," అని అరవడం నాకు యాదక్క వాకిటిదాకా వినిపించింది.

గుర్వయ్య బజారులోకి వచ్చాడు. నమ్మకం కుదరక పక్కింటి గడపలోంచి తొంగి చూశాడు. అక్కడ బొమ్మ ఉంది. తర్వాతి ఇంట్లో చూశాడు. ఉంది. ఇట్లా ఇల్లిల్లూ తొంగి చూసుకుంటూ, ఎక్కడైనా పోయి ఉంటుందన్న ఆశతో నడుస్తూనే ఉన్నాడు. తెల్లని అంగీ వీపున తడిసిపోయింది. నడిచి నడిచి బజారు అయిపోయింది. ఆయన జన్మలో కాలు పెట్టని చోటికి, యాదక్క గడపలోకి నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో ఆయన కనిపించాడు. అలాయి గుండం చుట్టూ ఆడుతున్నాడు. అంగీ లేదు, దట్టీ నడుముకు చుట్టుకుని, ముఖమంతా బూడిద, చిన్నపిల్లవాడిలా ఎగురుతున్నాడు. ఎవరి భుజం మీద చెయ్యి వేశాడో కూడా తెలియని ఆనందం. ఆ చెయ్యి ఎల్లయ్య భుజం మీద ఉంది. గదిలో వాళ్లంతా ఒక్కసారి టీవీనీ, గడపలో నిలబడిన మనిషినీ మార్చి మార్చి చూశారు. గుర్వయ్య తనను తాను చూసుకుంటూ కళ్లు ఆర్పలేదు. ఆయన మీద నాకున్న కోపమంతా పోయిందని చెప్పను. కానీ ఆ టీవీలో మనిషి నాకు నచ్చాడు.

యాదక్క లేచి చాప దులిపింది. "టెయిలెండుకు వచ్చినవా అన్నా. కూసో. ఇక్కడ బొమ్మ మంచిగొస్తది."

నవ్వులు మొదలయ్యాయి. ముందు నర్సింగమ్మ నవ్వింది, తర్వాత ఎల్లయ్య, తర్వాత ఇల్లంతా. గుర్వయ్య కూచోలేదు. నా వైపు తిరిగాడు.

"మా ఇంట్ల బంద్ ఉన్నది. నర్సింగమ్మ ఇంట్ల బంద్ ఉన్నది," అన్నాడు. "గీ డబ్బాలకు కరెంటు ఎవరింట్లకెల్లి వస్తాంది?"

ఆ ప్రశ్న కోసమే నేను ఆ వారమంతా బతికినట్టు అనిపించింది. ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను, అన్నీ తిట్లే. తీరా నోరు తెరిస్తే ఒక్క తిట్టూ రాలేదు.

"మా ఇంట్లకెల్లి అన్నా," అన్నాను. "బొమ్మ పోయే వైర్లనే పోతాంది. స్విచ్ మా దుకాణంల ఉన్నది."

ఆయన గడపకు ఆనుకున్నాడు. టీవీలో పీర్లు సాగిపోతున్నాయి. అవి కాలువ గట్టు దాటేదాకా, క్యాసెట్ అయిపోయి తెర నల్లబడేదాకా ఎవరూ లేవలేదు. అప్పుడు ఎల్లయ్య గొంతు సవరించుకుని, "గుర్వన్నా, హోటల్ల ఏదో మాటన్నవు," అన్నాడు.

"అన్న. కాదంటలేను," అన్నాడు గుర్వయ్య. "లైను మెహమూద్‌దే."

దశరథం సాయంత్రం బస్సుకే మిర్యాలగూడ పోయాడని తర్వాత తెలిసింది. నేను అక్కడ ఉండలేకపోయాను. చెప్పులు కూడా వెతుక్కోకుండా వంతెన మీదుగా దుకాణానికి నడిచాను. ఎండకు వంతెన కాలుతోంది. కమ్మీల వెంట మా వైరు పోతోంది. వేలితో ముట్టుకుంటూ నడిచాను. చేతికి ఏమీ తెలియదు, ఉత్త నల్ల వైరే.

మా ఆయన దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఉత్త కాళ్లతో వస్తున్న నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగలె," అన్నాను. "రేపటికెల్లి గుర్వన్న ఇంటి ముందల మీరు సైకిల్ దిగొద్దు."

ఆయన మెట్ల మీదే కూచుండిపోయాడు. నేను పక్కన కూచున్నాను. కాసేపటికి దుకాణంలో ఫోను మోగితే మా ఆయన ఎత్తాడు. గుర్వయ్య. ఇంట్లో మెయిన్ ఎక్కించాడట. తను ఆడిన ముక్క ఇంటివాళ్లెవరూ చూడలేదట, జర క్యాసెట్ మళ్లీ మొదటినుంచి వేస్తారా అని అడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను లోపలికి పోయి క్యాసెట్ వెనక్కి తిప్పాను.